చెవిన వేసుకున్న సభ

తాంబూలపు పళ్ళెం పట్టుకుని కొండమాంబ రత్నకూటం రాజసభ గడప దాటింది గానీ, ఆమె ప్రాణం మాత్రం గడప అవతలే ఆగిపోయింది.

చెయ్యి వణికితే పళ్ళెంలో వక్కలు గలగలమంటాయి. వక్కలు మోగితే భటులు తిరిగి చూస్తారు. చూస్తే, ఇంత వయసు మళ్ళిన దాసిని ఎప్పుడూ చూడలేదే, ఎవరు నువ్వని అడుగుతారు. ఆ తరువాత ఏం జరుగుతుందో కూడా ఆమె మనసు అప్పుడే చూసేసింది. ఆమె బుద్ధే అంత. కొడుకు చెన్నడు చిన్నతనంలో ఏటికి ఈతకు వెళితే, వాడు తిరిగొచ్చి తల తుడుచుకునేలోపే ఇంట్లో ఆమె వాడి కోసం ఒక ఏడుపు ఏడ్చి ముగించేది. ఊళ్ళో అందరూ నవ్వేవారు. ఇప్పుడు నవ్వడానికి వాళ్ళూ లేరు, కొడుకూ లేడు.

చెన్నడు కాలువపల్లెలో దండోరా వేసేవాడు. కాలువ తవ్వే కూలీలు విషజ్వరంతో పోయారని చాటమని రాజాజ్ఞ వచ్చింది. వాడు డప్పు వాయించి, ఆకలితో పోయారని చాటాడు. ఆ సాయంత్రమే భటులు వచ్చి ఈడ్చుకుపోయారు. నేరమేమిటో చెప్పలేదు, న్యాయాధికారి ముందు నిలబెట్టలేదు. కాళ్ళావేళ్ళా పడగా ముసలి చెరసాల కాపరి ఒకడు ఆమె చెవిలో ఊదాడు.

"చెర ఖాళీ తల్లీ. పరామర్శకి రాయబారులొస్తున్నారని రాజుగారి మాంత్రికుడు కజ్జలనాథుడు అందర్నీ మాయచేసి ఇంకోచోట నిలబెట్టాడు. వాళ్ళ ప్రాణాలు దీపాల్లో పెట్టాడంట. సభ ముగిశాక ఆ దీపాలు కొండెక్కిస్తే ఇంక వాళ్ళు మనకి లేనట్టే. రత్నకూటం పొలిమేర దాటితే మాత్రం వాడి మాయ చెల్లదు."

"ఎక్కడ నిలబెట్టాడు బాబాయ్?"

ముసలివాడు నోరు తెరిచాడు. నోట్లోంచి మాటకు బదులు నల్లని మసి రాలింది. ఆ పైన అతను మాట్లాడలేదు.

అప్పుడు కొండమాంబ పద్మకటకం రాయబారి భోగేంద్రుడి విడిదికి వెళ్ళి, జబ్బుపడిన తాంబూలపు దాసి స్థానంలో కావేరి అనే పేరుతో కుదురుకుంది. రాయబారి వెంట తప్ప సామాన్యులకు ఆ సభలో అడుగు పెట్టే దారి లేదు మరి.

ఆ సభను చూసి దేవతలకే కన్ను కుట్టాలి. పగడపు స్తంభాలకు ముత్యాల సరాలు పెనవేశారు. పైకప్పు నిండా నీలాలు పొదిగి, మధ్య మధ్య వజ్రపు తునకలు నక్షత్రాల్లా అతికించారు. ఆ నక్షత్రాలు మెరవాలని పట్టపగలే కిటికీలన్నిటికీ మందపు తెరలు దించారు. వెలుగు కోసం రెండు వైపులా నిలువెత్తు కంచు బొమ్మలు బారులు తీర్చారు. ఒక్కొక్క బొమ్మ రెండు అరచేతులూ జోడించి చాపి, అందులో ఒక్కొక్క ప్రమిద మోస్తోంది. మగ బొమ్మలు, ఆడ బొమ్మలు, ముసలి బొమ్మలు. శిల్పి చేతివాటం ఎంత గొప్పదో గానీ, ఏ ఒక్క ముఖమూ ఇంకో ముఖంలా లేదు.

ఆ వెలుగు మధ్య, సింహాసనం దిగి, మెత్త లేని చెక్కపీట మీద రత్నకూటం మహారాజు గజకేసరి కూర్చున్నాడు. అది ఏడు రాజ్యాల కట్టుబాటు. పూర్వం ఒకరినొకరు నరుక్కుని, గెలిచినవాడికి కూడా ఏలడానికి మనుషులు మిగలని యుద్ధం ఒకటి జరిగింది. అప్పటి నుంచి ఏటా ఒక రాజు వంతు. మిగిలిన ఆరు రాజ్యాల రాయబారులూ వచ్చి, నీ ప్రజలు ఎలా ఉన్నారు, నీ చెరలో ఎవరున్నారు, ఎందుకున్నారు అని పరామర్శించాలి, హితవు చెప్పాలి. అడుగున చిల్లున్న రాగి గిన్నెను నీటి తొట్టిలో వదులుతారు. అది మునిగేలోగా రాయబారి తన మాట ముగించాలి.

ప్రతి హితవుకీ రాజు చెప్పవలసిన జవాబులు రెండే. "తలదాల్చాము" అంటే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నది చేయకపోతే ఏడు రాజ్యాల్లోనూ ఆ రాజుతో సంబంధం కలుపుకునేవాడుండడు. "చెవిన వేసుకున్నాము" అంటే విన్నాము, చేయము అని. మర్యాద చెడకుండా కాదనడానికి అంతకన్నా నున్నని మాట ఇంకొకటి దొరకక, పూర్వులు దాన్నే ఖాయం చేశారు.

"కావేరీ, ఆకు అందించు. సున్నం తగ్గించు, నాలుక పొక్కితే మాట తడబడుతుంది," అన్నాడు భోగేంద్రుడు. భారీ మనిషి. నవ్వు ముఖం. పట్టుపంచె మడత నలగకుండా కూర్చోవడమే ఆయనకు పెద్ద పని.

కొండమాంబ ఆకులు చుడుతూ గొంతు తగ్గించి, "తమరేం అడగబోతున్నారయ్యా?" అంది.

"ఉద్యానవనాలు బాగున్నాయి, ఇంకొన్ని వేయించండి అంటాను."

"చెరల సంగతి అడగరా?"

భోగేంద్రుడు కడుపు కదిలేలా నవ్వాడు. "నీకెందుకే ఈ రాజకీయం? వచ్చే ఏడు ఆ చెక్కపీట మీద కూర్చునేది మా రాజుగారు. మా ఉప్పుమడుల్లో పని చేయించే తీరు వీళ్ళకి తెలియదనుకున్నావా? ఇవాళ నేను సూది గుచ్చితే రేపు వీళ్ళు గునపం దింపుతారు. అందుకే అందరం పూలు విసురుకుని ఇంటికి పోతాం."

అంతలో గంట మోగింది. మేఘగిరి రాయబారి నీలోత్పల లేచింది. వయసులో చిన్నది, చూపులో కత్తి. పూలు విసిరే అలవాటు ఆమెకు ఉన్నట్టు లేదు. ఆమె దేశపు వంతు పోయినేడే అయిపోయిందని, చీవాట్లన్నీ తిని వచ్చిందని దాసీలు చెప్పుకున్నారు.

"మహారాజా, నిన్న మీ చెరసాల చూపించారు. ఒక్క ఖైదీ లేడు. కానీ గోడల మీద గోళ్ళతో గీసిన గీతల్లో ఇంకా తడి ఉంది. మీరు పట్టుకున్నవాళ్ళ పేర్లు వాళ్ళ ఇంటివాళ్ళకు చెప్పండి, విచారణ జరపండి, నేరం లేనివాళ్ళను వదిలిపెట్టండి. ఇది మేఘగిరి హితవు."

గిన్నె ఇంకా సగం కూడా మునగలేదు. కొండమాంబ పళ్ళెం అంచును వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. ఒక్క మాట. ఒక్క మాట అంటే చాలు.

గజకేసరి చిరునవ్వు నవ్వాడు. "చెవిన వేసుకున్నాము."

అంతే. నీలోత్పల పెదవి కొరుక్కుని కూర్చుంది. పక్క రాయబారి లేచి రత్నకూటం రహదారులను పొగిడాడు. రాజు తలదాల్చాడు. ఆ పైన మరొకరు ఏనుగుల శాలలను పొగిడారు. రాజు అదీ తలదాల్చాడు. పొగడ్త వినబడేసరికి ఆయన మాట పూర్తికాకముందే ఒప్పేసుకుంటున్నాడు.

భోగేంద్రుడు ఉమ్మిన తాంబూలపు తునక నేల మీద పడితే తుడవడానికి వంగింది కొండమాంబ. ఎదురుగా ఒక కంచు బొమ్మ పాదాలు. ఎడమ కాలి బొటనవేలు పక్క వేలి మీదకు ఎక్కి ముడుచుకుని ఉంది.

ఆమె చేతిలో గుడ్డ జారిపోయింది. భయం వేస్తే చెన్నడు అలాగే ముడుస్తాడు. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ అంతే. మెల్లగా తలెత్తింది. మోకాళ్ళు, నడుముకు చుట్టిన డప్పు తాడు, బక్క మెడ, ఆ పైన కంచులో గడ్డకట్టిన కొడుకు ముఖం. చేతుల్లో ప్రమిద. ప్రమిదలో మినుకు మినుకుమంటున్న వత్తి.

అంటే ఈ బారులు తీరిన బొమ్మలన్నీ... చెర ఖాళీ కాలేదు. చెరనంతా సభలోకే తెచ్చి నిలబెట్టారు. ఆ ఖైదీలు పట్టిన వెలుగులోనే ఆ ఖైదీలు లేరని రాయబారులు నమ్ముతున్నారు.

"దీపం దగ్గర నీకేం పని?"

వెనక నుంచి వచ్చిన గొంతుకు ఆమె గుడ్డ అందుకుని లేచింది. కజ్జలనాథుడు. ఒంటికంతా కాటుక పూసుకున్నాడు. కళ్ళలో తెలుపు కూడా నలుపే.

"నూనె కారుతోంది స్వామీ. రాయబారిగారి పట్టుపంచెకంటితే మరక పోదు."

"కళ్ళెందుకు చెమర్చాయి?"

"పొగ స్వామీ."

"నా దీపాలకి పొగ రాదే."

అయిపోయింది, ఇక్కడికిక్కడే నన్నూ ఇంకో బొమ్మను చేస్తాడు, నా చేతుల్లోనూ ప్రమిద పెడతాడు అనుకుంది. నోరు మాత్రం దానంతటదే కదిలింది. "పొగ లేకపోతే నా కళ్ళే పోతున్నాయన్నమాట. మీలాంటి సిద్ధులు ఏదైనా కాటుక ఇప్పిస్తే పుణ్యం ఉంటుంది."

మాంత్రికుడు ముక్కు ఎగబీల్చి, ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. "సభ ముగియనీ. దీపాలు కొండెక్కించాక వచ్చి కనబడు. నీ కళ్ళ సంగతి చూస్తాను."

ఆ పక్కనే గంట మోగింది. పద్మకటకం వంతు. అదే చివరి వంతు.

భోగేంద్రుడు లేవడానికి పీట అంచు పట్టుకున్నాడు. కొండమాంబ చిలక చుట్టి అందిస్తున్నట్టు వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. అడిగితే రాజు చెవిన వేసుకుంటాడు. పొగిడితేనే తలదాలుస్తాడు. ఆ సంగతి ఆమెకు అప్పటికి బాగా అర్థమైంది.

"అయ్యా, ఉద్యానవనం మీ వెంట రాదు కదా. ఈ కంచు బొమ్మల్ని చూడండి. అదిగో ఆ కుర్రవాడి బొమ్మ మన రాణిగారి పడకగదిలో వెలిగితే, తెచ్చిందెవరని ఆవిడ అడక్కుండా ఉంటారా?"

భోగేంద్రుడి కళ్ళు మెరిశాయి. గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, మీ చెరసాల శుభ్రత గురించి నేను చెప్పేదేముంది. నా హితవు వేరు. ఇంతటి శిల్పసంపద ఒక్క సభలోనే మగ్గడం ఏడు రాజ్యాలకూ లోటు. ఈ దీపధారుల బొమ్మలన్నిటినీ ఆరు రాజ్యాలకూ పంచిపెట్టండి. మీ వెలుగు మా ఇళ్ళలోనూ ప్రసరించనివ్వండి. ఇదిగో, ఈ బొమ్మ మాత్రం పద్మకటకానికి."

సభంతా చప్పట్లతో మోగింది. రాయబారులందరూ అప్పుడే ఎవరికి నచ్చిన బొమ్మ వైపు వాళ్ళు చూస్తున్నారు. కజ్జలనాథుడు ఒక్క అంగలో చెక్కపీట దగ్గరకు దూకాడు. "ప్రభూ, ఒక్క మాట..."

గజకేసరి అప్పటికే నోరు తెరిచాడు. "మీ వెలుగు" అన్న ముక్క ఆయన చెవుల్లో తేనె పోసింది.

"తలదాల్చాము."

గిన్నె బుడుంగున మునిగింది.

మాంత్రికుడి ముఖం మీద కాటుక పగుళ్ళిచ్చింది. నిండు సభలో అన్న మాటను వెనక్కి తీసుకోలేరు. ఊపిరి పీల్చి, వంగి నమస్కరించి, మెత్తగా అన్నాడు. "ధన్యం. బండ్లలోనూ పడవల్లోనూ నిప్పు ప్రమాదం కాబట్టి, దీపాలు కొండెక్కించి అప్పగిస్తాను."

మాంత్రికుడి చెయ్యి అప్పుడే మొదటి ప్రమిద మీదకు వెళ్ళింది. ఒక ముసలి స్త్రీ బొమ్మ అది. వత్తి వణికింది.

కొండమాంబ తాంబూలపు పళ్ళెం నేల మీదకు వదిలేసింది. వక్కలు సభ నలుమూలలా దొర్లాయి. అందరూ అటు తిరిగిన ఆ క్షణంలో ఆమె భోగేంద్రుడి ఉత్తరీయం పట్టి లాగింది.

"అయ్యా, ఆరిన దీపం రాణిగారి చేతికిస్తారా? చావుకబురు తెచ్చావంటారు. తల ఉంటుందా మీకు?"

భోగేంద్రుడి నవ్వు ముఖం మొదటిసారి వాడిపోయింది. "ఆగు స్వామీ," అని గట్టిగా అరిచాడు. "ఆరిన దీపం కానుకిస్తే మా దేశంలో చావు కోరినట్టు. మీరు మా రాజుగారి చావు కోరుతున్నారా?"

"వెలుగుతున్నవే కావాలి మాకూ," అంటూ నీలోత్పల లేచింది. ఆమె చూపు దొర్లుతున్న వక్కల మీద లేదు. కొండమాంబ ముఖం మీద ఉంది. తరువాత కంచు కుర్రవాడి ముఖం మీదకు వెళ్ళింది. మళ్ళీ కొండమాంబ దగ్గరకు వచ్చింది. ఆ ముక్కూ ఈ ముక్కూ ఒకటే. ఆమెకు అర్థమైపోయింది. "మా పొలిమేర ఉత్తర ద్వారం అవతలే కాబట్టి సగానికి పైగా బొమ్మలు నేను తీసుకెళతాను. దారిలో నూనె నేనే పోస్తాను. మిగిలినవాళ్ళకి అభ్యంతరం లేదు కదా?"

రాజు చెయ్యి ఊపాడు. ఆయనకు నడుం నొప్పి పుడుతోంది. చెక్కపీట దిగాలి.

పొద్దు వాలేవేళకు భోగేంద్రుడి పడవ నీలవేణి నదిలో ఉంది. నది నడుమ పొలిమేర బండ. దాని అవతల పద్మకటకం. పట్టు పందిరి కింద రాయబారి, పడవ ముక్కు దగ్గర కంచు చెన్నడు, వాడి ప్రమిదకు రెండు చేతులూ అడ్డుపెట్టి కొండమాంబ. గాలి లేదు. అదే ఆమెకు భయం. గాలి లేదంటే ఎక్కడో దాచి ఉంచారన్నమాట.

అనుకున్నంతా అయింది. వెనక ఒడ్డున ఒక నల్ల తెప్ప కదిలింది. దాని మీద నిలబడి కజ్జలనాథుడు నడుమున ఉన్న తోలుసంచి మూతి విప్పాడు. సంచిలోంచి గాలి ఎద్దుల మందలా వచ్చి పడింది. నది మెలితిరిగింది. పట్టు పందిరి ఎగిరిపోయింది. పడవలోకి నీళ్ళు దూకాయి.

"బరువు తగ్గించండి," అని భోగేంద్రుడు కేక పెట్టాడు. "ఆ బొమ్మని నీళ్ళలోకి తొయ్యండి."

ఇద్దరు పడవవాళ్ళు లేచారు. కొండమాంబ బొమ్మను కౌగిలించుకుంది. "ముట్టుకోకండి. ఇది బొమ్మ కాదు, నా కొడుకు. ఆ సభలో మీరు చూసిన ప్రతి బొమ్మా ఒకరి బిడ్డే."

భోగేంద్రుడు నోరు వెళ్ళబెట్టాడు. అర్థమయ్యేసరికి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నన్ను ముంచావు కదే. పరదేశపు ఖైదీని ఎత్తుకొచ్చానా నేను? పడవ తిప్పండి. తిరిగి అప్పగించేద్దాం."

ఎవరికీ పడవ తిప్పే అవకాశం రాలేదు. వచ్చిన అల దాన్ని ఎత్తి పొలిమేర బండ మీదకు విసిరేసింది. ముక్కు బండ అవతల, తోక ఇవతల. చెక్కలు విరిగిన చప్పుడు. అదే క్షణాన కొండమాంబ వేళ్ళ సందుల్లోంచి గాలి దూరి ప్రమిదను తాకింది. దీపం నీలంగా వంగి, సన్నగా సాగి, ఆరిపోయింది.

జీవితమంతా ఏ క్షణానికి భయపడుతూ వచ్చిందో ఆ క్షణం వచ్చేసింది, ఇంక దాని తరువాత ఏం చెయ్యాలో ఆమె ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

"అమ్మా."

ఆమె బిక్కచచ్చిపోయింది. పడవ ముక్కుతో పాటు బండ మీదుగా అవతలికి వాలిన బొమ్మ తల కదిలింది. పెదవులు ఎర్రబడ్డాయి. నడుము దాకా మాంసం, మెడలో నాడి. అక్కడి నుంచి కింద ఇంకా కంచే. ఆ సగం పొలిమేర ఇవతల ఉండిపోయింది.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? నీకు ఈత రాదు కదా," అన్నాడు చెన్నడు, ముక్కుతూ.

"నోర్ముయ్యరా," అంది కొండమాంబ. వాడి చంకల్లో చేతులు పెట్టి లాగింది. ఆ కంచు సగం కదల్లేదు. అంతే కాదు, దీపం పోయింది కాబట్టి ఆ లోహం నడుము మీదుగా పైకి పాకుతోంది. పొట్ట దాటింది. పక్కటెముకలు ఒకటొకటిగా గట్టిపడుతున్న చప్పుడు ఆమెకు వినబడింది.

భోగేంద్రుడు విరిగిన పలక పట్టుకుని నిలబడి, మాట్లాడే ఆ సగం మనిషిని చూస్తున్నాడు. ఆయనకు రాయబారి ఉద్యోగంలోనే తల నెరిసింది. ఎన్నో పరామర్శలకు వెళ్ళాడు. ఎన్నో చెక్కపీటల ముందు నిలబడి ఉద్యానవనాలను పొగిడాడు. ఇప్పుడు చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని కూడా చూడకుండా అడిగాడు.

"నీ మీద మోపిన నేరం ఏమిటి బాబూ?"

"ఇంతదాకా ఎవరూ చెప్పలేదయ్యా. మీరేమైనా కనుక్కున్నారేమోననుకున్నా," అన్నాడు చెన్నడు. కంచు వాడి గుండెను చేరబోతోంది.

వెనక నల్ల తెప్ప దగ్గరైంది. ఇనప కొక్కెం ఒకటి గాల్లో తిరిగి వచ్చి పడవ తోకలో దిగబడింది. తాడు బిగిసింది. పడవ, దాంతో పాటు చెన్నడు, బెత్తెడు బెత్తెడుగా రత్నకూటం వైపు జారసాగారు.

భోగేంద్రుడు పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగదోపి, నీళ్ళలోకి దూకి, బండకు కాలు తన్నిపెట్టి, చెన్నడి చెయ్యి అందుకున్నాడు.

"వాడి నడుం పట్టుకో కావేరీ, లేదా నీ పేరేదైతే అది," అన్నాడు రొప్పుతూ. "నేను లాగమన్నప్పుడు లాగు."